హైడ్ పార్కు దాకా వెళ్తాం, ఆ గ్యాలరీ గుమ్మం మాత్రం ఎక్కం: యూకే తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

యూకేలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, సాంస్కృతిక కమిటీ సభ్యులకు, శని ఆదివారాల్లో తెలుగు బడి నడిపే టీచర్లకు, వీళ్ళందరికంటే పలుకుబడి ఎక్కువున్న వాట్సాప్ గ్రూపు అడ్మిన్లకు,

నమస్కారం.

వచ్చే ఏడాది కార్యక్రమాల క్యాలెండర్ వేసుకునే రోజులివి. సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం, వేసవి పిక్నిక్, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి. హాలు దొరికితే తేదీ ఖాయం, దొరక్కపోతే వారం అటో ఇటో. ఆ జాబితాలో ఇంకొక్క లైను చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. హైడ్ పార్కుని ఆనుకుని ఉన్న కెన్సింగ్టన్ గార్డెన్స్‌లోని సర్పెంటైన్ గ్యాలరీకి మనవాళ్ళని చిన్న చిన్న గుంపులుగా తీసుకెళ్ళండి, ప్రదర్శన మారినప్పుడల్లా. అది అలవాటయ్యాక, సంఘం తరఫున ఆ గ్యాలరీకి ఒక ఉత్తరం రాసి, మాతో కలిసి ఏదైనా పని చెయ్యండని అడగండి. నా లెక్కలో మొదటిదానికంటే రెండోదే పెద్ద పని. ఎందుకో కింద చెప్తాను.

ఈ మాట ఒక కమిటీ మీటింగులో ఇదివరకే ఎత్తాను. ఏ సంఘమో చెప్పను, అన్నిచోట్లా అదే జవాబు వస్తుంది కాబట్టి చెప్పక్కర్లేదు కూడా. "మనవాళ్ళు రారమ్మా" అన్నారొకరు. "అక్కడేముంటుంది, నాలుగు గీతలు గీసి గోడకి పెడతారు" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన టికెట్ ఎంతని అడిగారు. ఊరికేనండీ అంటే, "ఊరికే అయితే మనం తీసుకెళ్ళేదేముంది, ఎవరికి వాళ్ళు వెళ్తారుగా" అని ఫైలు మూసేశారు. ఎవరికి వాళ్ళు వెళ్ళడం లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

అదేమిటో తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. పార్కులో షికారుకొచ్చేవాళ్ళు కూర్చుని టీ తాగడానికి 1934లో కట్టిన ఇటుకల మంటపం అది. 1970లో, కళలకి ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ దాన్ని ఆధునిక కళకు గ్యాలరీగా మార్చింది. సరస్సు మీది వంతెన దాటి అవతలికి నాలుగడుగులు వేస్తే రెండో భవనం కనిపిస్తుంది. 1805లో తుపాకిమందు దాచిన గిడ్డంగి. 2013లో ఆర్కిటెక్టు జాహా హదీద్ పక్కనే తెల్లగా అల పైకి లేచినట్టుండే కప్పు కట్టి, దాన్నీ గ్యాలరీ చేశారు. మొదటిదాన్ని సౌత్ అనీ, రెండోదాన్ని నార్త్ అనీ అంటున్నారు. రెండింటికీ టికెట్ లేదు. సొంతంగా దాచిపెట్టుకున్న బొమ్మలంటూ వాళ్ళకి ఏవీ లేవు, ఏడాది పొడుగునా ప్రదర్శనలు మారుతూనే ఉంటాయి. కాబట్టి బ్రిటిష్ మ్యూజియం గురించి అన్నట్టు "అది చూసేశాం లెండి" అనడానికి ఇక్కడ వీల్లేదు.

దూరమా అంటే అదీ కాదు. హౌన్‌స్లోలో పికడిల్లీ లైను ఎక్కితే రైలు మారకుండా సౌత్ కెన్సింగ్టన్‌లో దిగుతాం. సైన్స్ మ్యూజియానికి, డైనోసార్లకి పిల్లల్ని తీసుకుని మనందరం దిగే స్టేషనే. ఎగ్జిబిషన్ రోడ్డు పట్టుకుని తిన్నగా పైకి నడిస్తే పార్కు. 2024 వేసవిలో ఆ పార్కులోనే రౌండ్ పాండ్ పక్కన జపాన్ కళాకారిణి యాయోయి కుసామా చేసిన ఆరు మీటర్ల పసుప్పచ్చ గుమ్మడికాయ పెట్టారు, ఒంటినిండా నల్ల చుక్కలతో. దాని ముందు దిగిన సెల్ఫీలు మన గ్రూపుల్లో ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ గుమ్మడికాయని అక్కడ పెట్టించింది ఈ గ్యాలరీయే. అక్కణ్ణించి కాస్త నడిస్తే గ్యాలరీ తలుపు. ఫొటోలు పెట్టినవాళ్ళలో లోపలికి ఎవరైనా వెళ్ళారా అని అడిగితే, "లోపల కూడా ఉందా?" అని ఎదురడిగారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక "మనకి అర్థం కాదండీ" అనే మాట. దీని గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇది సాకు కాదు, నిజంగానే చాలామందికి ఉన్న బెరుకు. తెల్లటి గోడలు, నిశ్శబ్దం, నల్ల డ్రెస్సుల్లో నిలబడ్డ సిబ్బంది. ఏదైనా అడిగితే తక్కువగా చూస్తారేమోనన్న టెన్షన్.

2025 మార్చి నుంచి జూలై దాకా నార్త్ గ్యాలరీలో అర్పితా సింగ్ ప్రదర్శన జరిగింది. 1937లో బెంగాల్‌లో పుట్టి ఢిల్లీలో స్థిరపడిన చిత్రకారిణి. అరవై ఏళ్ళ పని. మన దేశం బయట ఒక సంస్థ ఆవిడకి పెట్టిన మొదటి సోలో ప్రదర్శన అదే, ఎనభై ఏడేళ్ళ వయసులో. అప్పుడు మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి మా ఇంట్లో ఉంది. పల్నాడులో పుట్టి పెరిగిన మనిషి, ఎనిమిదో క్లాసు దాకా చదువుకుంది. ఇంట్లో ఒక్కదాన్నీ ఉంచలేక తీసుకెళ్ళాను, అంతే. నేర్పించాలన్న ఉద్దేశమేమీ లేదు.

"దేవి పిస్తోల్ వాలీ" అని 1990లో వేసిన బొమ్మ ముందు అమ్మ ఆగిపోయింది. చేతులెక్కువున్న ఆడమనిషి, ఒక చేతిలో పిస్తోలు. నేను గోడ మీది ఇంగ్లీషు చదివి చెప్పబోయాను. "చదవక్కర్లేదులే, కనపడుతూనే ఉందిగా" అంది. కాసేపటికి, "మా ఊరి పోలేరమ్మకి కత్తి, ఈవిడకి తుపాకి. కాలాన్నిబట్టి మారాలిగా" అంది. పక్క గదిలో ఇంకో బొమ్మ దగ్గరికి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి (సిబ్బందిలో ఒకమ్మాయి కంగారుగా రెండడుగులు ముందుకేసింది) రంగు పూసిన తీరు చూసి, "ఇది కుంచెతో వేసినట్టు లేదే, బొంత కుట్టినట్టుంది" అంది. అర్పితా సింగ్ చిన్న వయసులో ఢిల్లీలో నేతవాళ్ళకి డిజైన్లు ఇచ్చే వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో పనిచేసింది. ఆవిడ పని గురించి రాసేవాళ్ళంతా బెంగాలీ కాంథా కుట్టు ప్రస్తావన తెస్తారు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, పరుగు కుట్టు వేసే కాంథా అంటే మనం బొంత అనేదే. విమర్శకులు పేజీలకి పేజీలు రాసిన సంగతిని మా అమ్మ వేళ్ళకున్న అలవాటుతో పట్టేసింది. ఆవిడ జీవితంలో ఎన్ని బొంతలు కుట్టిందో!

ఈ కథ మా అమ్మ గొప్పతనం చెప్పుకోవడానికి కాదు. అలాంటి అమ్మలు, అత్తగార్లు, మామగార్లు మన ఇళ్ళలో ప్రతి వేసవికీ దిగుతారు. పిల్లలు బడికి, కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళాక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా వాళ్ళ లోకం వంటగది కిటికీ, ఫోన్లో సీరియల్, ఇండియాలో వాళ్ళు నిద్రపోయేలోపు ఒక వీడియో కాల్. లండన్ ఐ ఎక్కించి, స్వామినారాయణ్ గుడి చూపించి, స్కాట్లండ్ ఒక ట్రిప్పు వేసేశాక మన జాబితా అయిపోతుంది. వాళ్ళ వీసా మాత్రం అయిపోదు. వాళ్ళకోసం సంఘాలు ఏం చేస్తున్నాయి? దీపావళి నాడు స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతున్నాం, మిగతా రోజులు వదిలేస్తున్నాం.

సరే, ఆ 2025లోదే ఇంకొకటి. 2000 నుంచీ దాదాపు ప్రతి వేసవిలో ఆ గ్యాలరీ ముందున్న పచ్చికలో ఒక తాత్కాలిక పెవిలియన్ కడతారు. మొదటిది జాహా హదీద్ చేతనే కట్టించారు, అప్పటికి ఆవిడ ఈ దేశంలో ఒక్క భవనమూ కట్టలేదు. ఇంగ్లండులో ఇంకా కట్టని ఆర్కిటెక్టుని పిలవడం అప్పటి నుంచీ వాళ్ళ ఆనవాయితీ. 2017లో బుర్కినాఫాసోలో పుట్టిన ఫ్రాన్సిస్ కెరె అలా వచ్చినవారే. 2025లో బంగ్లాదేశ్ నుంచి మరీనా తబస్సుమ్‌ని పిలిచారు. చెక్క కమానులు, వాటి మధ్య వెలుతురు వడగట్టే పలకలు, నడుమ ఒక గింకో చెట్టు. ఆవిడ మనసులో ఉన్నది మన పెళ్ళిళ్ళకి వేసే షామియానా, దాని గుడ్డలోంచి దిగే ఎండ. లోపల అరల్లో బెంగాలీ సాహిత్యం, సంస్కృతికి సంబంధించిన పుస్తకాలు పెట్టించారు. లండన్ నడిబొడ్డున రాచవారి పార్కులో, అక్టోబరు దాకా. బెంగాలీలకి దక్కింది కదా అని కుళ్ళుకోమనడం లేదు. కానీ ఆ బెంచీల మీద కూర్చుని ఆ పుస్తకాలు తిరగేసే బెంగాలీ కుటుంబాలని చూస్తే, ఇలా పిలిస్తే మనం ఏ అర నింపుతాం అనిపించింది. వేమనా, తిలకా, ఓల్గానా? ముందు మనలో మనం పోట్లాడుకోవాలి కదా!

మన ఊరి వాసన ఆ గోడలకి అసలు తగల్లేదని కూడా కాదు. 2008 డిసెంబరులో అక్కడ "ఇండియన్ హైవే" అని పెద్ద ప్రదర్శన మొదలైంది. భవనం లోపల కాదు, బయటి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేలాడదీశారు, ఎం.ఎఫ్. హుస్సేన్‌వి. అప్పటికాయనకి తొంభై మూడేళ్ళు, దేశం వదిలి వచ్చేసి దుబాయ్‌కీ లండన్‌కీ మధ్య తిరుగుతున్నారు. హైదరాబాదులో బదరీ విశాల్ పిట్టీ అండతో రామాయణం బొమ్మల వరస వేసిన హుస్సేన్, మన ఊళ్ళో సినిమా ఘర్ కట్టుకున్న హుస్సేన్. 2011లో ఈ లండన్‌లోనే పోయారు. ఆయన మీద మీలో ఎవరి అభిప్రాయాలు ఎలా ఉన్నా నాకు గొడవ లేదు. టికెట్ కొనక్కర్లేకుండా, తలుపు కూడా తియ్యకుండా, కుక్కని తిప్పడానికొచ్చిన మనిషి కూడా చూసేలా గోడ బయట పెట్టారే, ఆ ఆలోచన నాకు నచ్చింది. పార్కులో గ్యాలరీకీ నగరంలో గ్యాలరీకీ తేడా అదే. ఇక్కడికి కళ కోసమే రానక్కర్లేదు. నడకకి వచ్చి, వానొస్తే లోపలికి దూరొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ప్రదర్శన చూడటం ఒక ఎత్తు. ఆ గ్యాలరీకి ఇంకో పని ఉంది, బయట అంతగా తెలియనిది. జనంతో కలిసి నేర్చుకోవడం. దీన్ని వాళ్ళు గైడు వెంట పిల్లల్ని నడిపించి పంపేయడంతో సరిపెట్టలేదు. హైడ్ పార్కు ఈశాన్యపు మూల నుంచి మొదలయ్యే ఎడ్జ్‌వేర్ రోడ్డు అరబ్బు దుకాణాలకి, హుక్కా కేఫ్‌లకి పేరుపడ్డది. 2009 ప్రాంతంలో ఆ రోడ్డు మీదే ఒక జాగా తీసుకుని, కళాకారుల్ని తెచ్చి, ఆ వీధిలో ఉండేవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేయించారు. సినిమాలు తీశారు, పాత జ్ఞాపకాలు సేకరించారు. అక్కడికి దగ్గర్లో ఉన్న పోర్ట్‌మన్ అనే చిన్నపిల్లల కేంద్రంతో కలిసి, పసిపిల్లల ఆటల మీద కళాకారులతో ఇంకో సుదీర్ఘమైన పని నడిపారు.

వీటన్నిటిలో నాకు బాగా పట్టింది 2022 వసంతంలో చూపించిన "రేడియో బాలడ్స్". అంతకు మూడేళ్ళ ముందు నుంచీ నలుగురు కళాకారులు, సోనియా బోయ్స్, హెలెన్ కామక్, రోరీ పిల్‌గ్రిమ్, ఇలోనా సాగర్, తూర్పు లండన్‌లో బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్ కౌన్సిల్ సోషల్ వర్కర్లతో, కేర్ ఇచ్చేవాళ్ళతో, తీసుకునేవాళ్ళతో కూర్చుని పనిచేశారు. ఇంట్లో కొట్టించుకున్న ఆడవాళ్ళ మాట ఎవరు ఎలా వింటారన్నది ఒకరి పని. బార్కింగ్‌లో ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ వల్ల ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకొకరిది. అలా తయారైన సినిమాలు, పాటలు, బొమ్మలు ఒకే సమయంలో ఈ పార్కు గ్యాలరీలోనూ, బార్కింగ్ టౌన్ హాల్‌లోనూ పెట్టారు. ఎవరి బతుకులోంచి వచ్చిందో వాళ్ళ ఊళ్ళో కూడా చూపించారన్నమాట. ఆ పేరు కూడా 1950ల చివర నుంచి 1960ల మొదటి దాకా బీబీసీలో యూఅన్ మెకాల్, పెగ్గీ సీగర్, చార్లెస్ పార్కర్ చేసిన రేడియో కార్యక్రమాలది. రైల్వే డ్రైవర్లు, చేపలు పట్టేవాళ్ళు, గని కార్మికులు తమ గొంతుతోనే తమ కథ చెప్పిన కార్యక్రమాలవి.

అదే 2022 ఫిబ్రవరిలో ఈ దేశం కేర్ వర్కర్లకి వీసా తలుపు తెరిచింది. 2025 జూలైలో బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసింది. ఆ మధ్యకాలంలో మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతమంది ఆడపిల్లలు వచ్చారో సంఘాలకి నాకంటే బాగా తెలుసు, గది కావాలని, స్పాన్సర్ మోసం చేశాడని మీ ఫోన్లే కదా మోగింది. నాకు తెలిసిన ఒకమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తుంది. మతిమరుపొచ్చిన ఒక ముసలావిడ తనని చనిపోయిన చెల్లెలనుకుని కబుర్లు చెప్తుంటుందట. "నాకు ఆవిడ మాట సగం అర్థం కాదక్కా, నేను తెలుగులో ఊఁ కొడతాను, ఆవిడ నిద్రపోతుంది" అంది ఒకసారి. ఈ మాట మనం ఎక్కడ వింటున్నాం? ఉగాది కవి సమ్మేళనంలో కోయిల వస్తుంది, వేపపూత వస్తుంది, ఈ అమ్మాయి రాదు. ఇలాంటి అమ్మాయి దగ్గర కూర్చుని మూడేళ్ళు వినే కళాకారుడు, ఆ కళాకారుణ్ణి పంపించే గ్యాలరీ ఈ నగరంలో ఉన్నాయి. వాళ్ళకి మనం ఉన్నామని తెలియదు. ఎలా తెలుస్తుంది, మనం ఎప్పుడైనా చెప్పామా?

ఐటీ వాళ్ళకి కూడా ఒక మాట. 2024 అక్టోబరు నుంచి 2025 ఫిబ్రవరి మొదటివారం దాకా నార్త్ గ్యాలరీలో హాలీ హెర్న్‌డన్, మ్యాట్ డ్రైహర్స్ట్ అనే ఇద్దరు "ద కాల్" అని పెట్టారు. యూకే అంతటా తిరిగి పదిహేను స్థానిక బృందగాన సంఘాల చేత పాటలు పాడించి, రికార్డు చేసి, ఆ గొంతులతో ఏఐ మోడల్‌కి శిక్షణ ఇచ్చారు. అది చాలామంది చేసేదే. వీళ్ళు అక్కడితో ఆగలేదు. ఆ గొంతుల డేటా ఎవరిది, దాన్ని ఎవరు ఎలా వాడుకోవాలో పాడినవాళ్ళే కలిసి తేల్చుకునేలా ఒక ట్రస్టు ఏర్పాటు ప్రయోగం చేశారు. మనలో ఎంతమంది పగలంతా డేటా పైప్‌లైన్లు మరమ్మతు చేస్తూ బతుకుతున్నాం! మన భజన బృందాలు, బతుకమ్మ పాటలు పాడే అమ్మలు ఫోన్లో రికార్డు చేసి ఎక్కడ పడితే అక్కడ ఎక్కించేస్తున్నారు. ఆ గొంతు ఎవరిదన్న ప్రశ్న మన మీటింగుల్లో ఎవరూ వెయ్యలేదు, పార్కులో ఒక పాత తుపాకిమందు కొట్లో వేశారు. ఆ పదిహేను సంఘాలకి తోడు పదహారోది తెలుగువాళ్ళది అయి ఉండేదేమో, అడిగి ఉంటే.

పిల్లల విషయంలో మాత్రం నాకు కొంచెం కోపమే ఉంది, చెప్పేస్తాను. ఆగస్టు 15కి, జనవరి 26కి, ఉగాదికి డ్రాయింగ్ పోటీ పెడతాం. పోటీకొచ్చిన కాయితాలు తిరగేస్తే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. స్లౌలో పుట్టిన పిల్ల తాను ఎన్నడూ ఎక్కని ఆ కొండల్ని వేస్తుంది, రోజూ బడికి ఎక్కే 81 నంబరు బస్సుని వెయ్యదు. వేస్తే ప్రైజు రాదని ఆ పిల్లకి తెలుసు. రంగు గీత దాటితే మార్కులు కోస్తాం. ఎందుకు వేశావమ్మా, ఏం అనుకుని వేశావు అని అడిగే జడ్జిని నేనింతవరకు చూడలేదు. అదే పిల్లని హెన్రీ మూర్ రాతి కమాను ముందు నిలబెట్టి చూడండి. 1978లో ఆయన ఎనభయ్యో ఏట ఈ గ్యాలరీ పెట్టిన ప్రదర్శన తర్వాత ఆయన పార్కుకి ఇచ్చేసినది, ఆరు మీటర్ల ఎత్తు, నీటి ఒడ్డున ఉంటుంది. ఎముకలా ఉందంటుందో, మామిడి టెంకలా ఉందంటుందో ఆ పిల్ల ఇష్టం. తప్పు జవాబంటూ ఉండని ప్రశ్న వారానికి ఒక్కసారైనా వినడం మన పిల్లలకి అవసరం. లెక్కల ట్యూషన్లో ఎలాగూ వినరు.

ఆ గ్యాలరీని నెత్తికెత్తుకోమని నేననడం లేదు. దానికీ దాని రోగాలున్నాయి. గోడ మీద రాసే ఇంగ్లీషు కొన్నిసార్లు ఇంగ్లీషువాళ్ళకే మింగుడుపడదు. ఒక్కో ప్రదర్శన చూసి బయటికొచ్చి "ఇందుకా ఇంత దూరం వచ్చాం" అనుకున్న రోజులున్నాయి, మీకూ అలాంటివి తగులుతాయి. అది బాగా డబ్బున్నవాళ్ళ పేట. 1994లో డయానా నల్లగౌను వేసుకుని పత్రికలకెక్కిన విందు ఈ గ్యాలరీదే. వేసవిలో ఇప్పటికీ డబ్బున్న పెద్దల విందులు జరుగుతాయి, ఆ డబ్బుతోనూ కొంత నడుస్తుంది. రెండో భవనం మొదట డబ్బిచ్చిన సాక్లర్ కుటుంబం పేరుతో తెరిచారు. ఆ కుటుంబపు కంపెనీ అమ్మిన నొప్పిమాత్రలు వ్యసనమై అమెరికాలో చేసిన చెరుపు బయటపడ్డాక చాలా సంస్థలు ఆ పేరుకి దూరం జరిగాయి, ఇక్కడా ఇప్పుడు ఆ పేరు వాడరు. ఇవన్నీ తెలిసే చెప్తున్నాను. మన పన్నుల్లోంచి ఆర్ట్స్ కౌన్సిల్ ద్వారా కొంత అక్కడికి వెళ్తుంది. విందులకి వచ్చేవాళ్ళకి ఎంత హక్కుందో, హౌన్‌స్లో నుంచి పులిహోర డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళకీ అంతే ఉంది. ఆ హక్కు మనం వాడుకోకపోతే అది గ్యాలరీవాళ్ళ తప్పు కాదు.

ఎలా చెయ్యాలో నాకు తోచింది చెప్తాను. దయచేసి కోచ్ మాట్లాడి అరవై మందిని దింపకండి. పదీ పన్నెండు మందికి మించితే ఎవరూ ఏమీ చూడరు, తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. పెద్దవాళ్ళకి వారం మధ్యలో ఒక పగలు పెట్టండి, జనం తక్కువుంటారు. సోమవారం వద్దు, సెలవు. ఒక ప్రదర్శన తీసేసి ఇంకొకటి పెట్టే మధ్యలో కొన్ని వారాలు మూసి ఉంటుంది కాబట్టి ముందే చూసుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు ముందుగా వెళ్ళి చూసి రావాలి, అన్నీ పిల్లలకి పనికొచ్చేవి కావు. లోపల మొత్తం చుట్టేయాలని లేదు. రెండు బొమ్మలు చాలు, ఒక్కోదాని ముందు పది నిమిషాలు నిలబడనివ్వండి, కుదిరితే కూర్చోనివ్వండి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వొద్దు. కళాకారుడెవరు, ఎక్కడివాడు, ఏ సంవత్సరం, దేంతో చేశాడు, ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక పేజీ రాసి, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇస్తే సరిపోతుంది. ఆ పేజీ తెలుగు బడి పెద్ద క్లాసు పిల్లల చేత రాయించండి. అమ్మమ్మకి అర్థమయ్యేలా రాయాలంటే వాళ్ళకి వచ్చే తెలుగు ఏ పాఠ్యపుస్తకంతోనూ రాదు. బ్యానర్ పట్టుకుని మెట్ల మీద గ్రూపు ఫొటో తప్పదంటే బయట తీసుకోండి. తిండి కూడా బయటే, చెట్ల కింద కావలసినంత పచ్చిక ఉంది.

ఖర్చు సంగతి కోశాధికారి గారు అడగకముందే చెప్తున్నాను. రైలు చార్జీలు ఎవరివి వాళ్ళవి. కాయితాల ప్రింటు ఖర్చు మన దీపావళి స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ స్క్రీను అద్దెలో కనిపించనంత.

గ్యాలరీకి రాసే ఉత్తరం మాత్రం జాగ్రత్తగా రాద్దాం. "మీ గ్యాలరీ గొప్పది, మాకొక గైడెడ్ టూర్ ఇప్పించండి" అని కాదు. మా దగ్గర రాత్రి డ్యూటీలు చేసే కేర్ వర్కర్లున్నారు, ఆరు నెలలు ఉండి వెళ్ళిపోయే తల్లిదండ్రులున్నారు, చదువుకుంటూ అర్ధరాత్రి దాకా డెలివరీలు చేసే కుర్రాళ్ళున్నారు, బొంతలు కుట్టినవాళ్ళున్నారు, చెరియాల బొమ్మల కథలు విని పెరిగినవాళ్ళున్నారు, మీ కళాకారుల్లో ఎవరైనా మాతో కూర్చుంటారా అని రాద్దాం. వాళ్ళ విద్యా విభాగం వాళ్ళు జవాబు ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ఏడాది పట్టొచ్చు. వాళ్ళ పద్ధతి నిదానమే, బార్కింగ్‌లో మూడేళ్ళు పట్టింది. ఒక సంఘం తరఫున కాకుండా నాలుగైదు సంఘాలు కలిసి సంతకం పెడితే బరువుంటుంది. మనం నాలుగైదు సంఘాలు కలిసి ఒక కాయితం మీద సంతకం పెట్టడం జరిగే పనేనా అని మీరు నవ్వుతారని నాకు తెలుసు. ఎవరి పేరు ముందు ఉండాలన్న పేచీ వస్తే అక్షరక్రమంలో వేద్దాం, అదీ తెలుగు అక్షరక్రమంలో.

పెద్దవాళ్ళ మొదటి గుంపుని నేను తీసుకెళ్తాను. తెలుగు పేజీ రాయించే బాధ్యత కూడా నాదే. మీరు చెయ్యవలసిందల్లా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టడం, దాని కింద వరుసగా పడే గుడ్ మార్నింగ్ పూలలో అది కొట్టుకుపోకుండా రెండు రోజులు పిన్ చేసి ఉంచడం. కార్యదర్శులకి ఇంకొక్క మనవి: ఈ విషయం వచ్చే మీటింగు ఎజెండాలో చివరి "ఇతర విషయములు" కింద వెయ్యకండి. అక్కడికొచ్చేసరికి అందరూ పార్కింగ్ టైము అయిపోయిందని లేచిపోతారు.

ఇట్లు,
చందా కట్టిన ఒక సభ్యురాలు,
హౌన్‌స్లో, పశ్చిమ లండన్